కడియపులంక నుంచి తెచ్చిన ఫిట్టోనియాలు: పద్నాలుగు నెలల తర్వాత

2023 డిసెంబరులో రాజమహేంద్రవరం నుంచి విజయవాడ మీదుగా హైదరాబాదుకు తిరిగివస్తూ, కడియపులంకలో హైవే పక్కనున్న ఒక నర్సరీలో ఆగి, ఆకుల అందం కోసం ఇళ్లలో పెంచుకునే ఫిట్టోనియా మొక్కలు మూడు కొన్నాను. ఒకదానికి తెల్లని ఈనెలు, ఒకదానికి గులాబీ రంగు ఈనెలు. మూడోదానికైతే ఎర్రటి ఈనెలు ఆకుపచ్చదనాన్ని దాదాపు కప్పేసి ఉన్నాయి. ఒక్కొక్కటి 90 రూపాయలు. గంటలకొద్దీ సాగే కారు ప్రయాణమని చెప్పగానే నర్సరీ అబ్బాయి మొక్కలను విడివిడిగా పాత దినపత్రికలలో చుట్టి, అట్టపెట్టెలో కదలకుండా సర్ది ఇచ్చాడు. ఇల్లు చేరాక చూస్తే ఒక్క ఆకు కూడా నలగలేదు. అంతకు ముందు ఏడాది ఆన్‌లైన్‌లో తెప్పించిన ఇదే మొక్క సగం కుళ్లి చేరింది కాబట్టి, ఆ సర్దుడుకు పూర్తి మార్కులు వేయకుండా ఉండలేను.

మార్కులు తగ్గించవలసింది మాత్రం అతడు చెప్పిన సలహాకు. "వారానికి ఒకసారి నీళ్లు పోస్తే చాలండి, ఇదేమీ పేచీ పెట్టదండి" అన్నాడు. నిజానికి అరచేతిలో పట్టేంత మొక్కలలో ఇంత పేచీ పెట్టేది నాకు మరొకటి తారసపడలేదు.

ఫిట్టోనియా పుట్టిల్లు దక్షిణ అమెరికా. పెరూ, ఈక్వడార్, కొలంబియా వంటి దేశాల వర్షారణ్యాలలో మహావృక్షాల కింద, ఎండ నేరుగా సోకని తడినేల మీద ఇది చాపలా పాకుతుంది. ఎత్తు జానెడు దాటదు. కుటుంబం మాత్రం మనకు పరాయిది కాదు: కనకాంబరం, అడ్డసరం, నేలవేము చేరిన అకాంథేసీ కుటుంబమే దీనిది కూడా. మన పెరళ్లలో వేసవిని తట్టుకుని పూసే కనకాంబరానికి వరుసకు చెల్లెలయ్యే ఈ మొక్క మధ్యాహ్నపు ఎండలో ఒక గంటసేపు కూడా నిలవలేదంటే మొదట నాకు నమ్మకం కలగలేదు. పేరు వెనుక కూడా అక్కచెల్లెళ్లే ఉన్నారు. 19వ శతాబ్దం తొలినాళ్లలో వృక్షశాస్త్రాన్ని సంభాషణల రూపంలో తేలిక చేసి చెప్పిన ఎలిజబెత్ ఫిట్టన్, సారా మేరీ ఫిట్టన్‌ల ఇంటిపేరు దీనికి పెట్టారు.

తెచ్చిన నాలుగో రోజున తెల్ల ఈనెల మొక్క ఒక్కసారిగా సోలిపోయి, కాడలు కుండీ అంచు మీదికి వాలి, ఆకులు తడిగుడ్డల్లా వేలాడాయి. చచ్చిపోయిందనే అనుకున్నాను. కుండీని నీళ్ల పళ్లెంలో పెట్టి వంటపని చూసుకుని వచ్చేసరికి, రెండు గంటలు కూడా కాకుండానే, ఏమీ జరగనట్టు నిటారుగా నిలబడి ఉంది. పలుచని ఆకులు, పైపైనే ఉండే వేళ్లు కావడం వల్ల దీనికి నీటిని దాచుకునే శక్తి లేదు. కణాలలో నీటి ఒత్తిడి తగ్గగానే ఉన్నపళంగా కూలబడుతుంది, నీరందగానే లేస్తుంది. చూడడానికి ఇది వినోదంగానే ఉంటుంది కానీ, పదేపదే అలా పడనిస్తే ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి, కింది ఆకులు రాలిపోతాయి.

అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది. నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్లినప్పుడు కూడా ఈ మొక్క అచ్చం అలాగే వాలిపోతుంది. ఎర్ర ఈనెల మొక్కను నేను పోగొట్టుకున్నది అక్కడే. జనవరిలో అది వాలినప్పుడల్లా దాహమనుకుని నీళ్లు పోశాను. మూడోసారికి కాడ మొదలు నల్లబడి మెత్తబడింది. కుండీ విప్పి చూస్తే లోపల కొబ్బరిపొట్టు ముద్ద చుట్టూ పలుచని వల, ఆ వలలోనే వేళ్లన్నీ చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. దాని చుట్టూ నింపినది బంకమన్ను. పైన ఆరినట్టు కనిపించే ఆ మన్ను లోపల రోజుల తరబడి తడిని పట్టి ఉంచింది. కడియపులంక నేలలో ఎండకు, గాలికి పెరిగే గులాబీకో మందారానికో అటువంటి మన్ను చెల్లుతుందేమో కానీ, అపార్ట్‌మెంటు గదిలో ఉండవలసిన ఫిట్టోనియాకు అది ఉరితాడే. వాలిపోయిన మొక్కను చూడగానే చెంబు అందుకోకుండా, వేలు ఒక కణుపు లోతుకు గుచ్చి చూడాలని నాకు 90 రూపాయల ఖర్చుతో తెలిసివచ్చింది: పొడిగా తగిలితే దాహం, తడిగా తగిలితే కుళ్లు.

మిగిలిన రెండింటినీ ఆ వారమే వల కత్తిరించి, కోకోపీట్ (కొబ్బరిపొట్టు) రెండు పాళ్లు, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లని గుళికలు) ఒక పాలు, వర్మీ కంపోస్టు ఒక పాలు కలిపిన మిశ్రమంలోకి మార్చాను. అడుగున రంధ్రమున్న, నాలుగంగుళాలకు మించని కుండీ సరిపోతుంది. నర్సరీలో ఈ మొక్కతోపాటు అంటగట్టజూసిన రంధ్రం లేని పింగాణీ కుండీని కొనకపోవడం నేను చేసిన కొద్దిపాటి తెలివైన పనులలో ఒకటి.

హైదరాబాదు ఏప్రిల్, మే నెలలు దీనికి నిజమైన పరీక్ష. ఎండ 40 డిగ్రీలు దాటి గాలిలో తేమ ఇగిరిపోయినప్పుడు ఉత్తరపు కిటికీ దగ్గర కూడా మొక్క రోజు విడిచి రోజు వాలేది. ఏసీ ఉన్న గదిలోకి మారిస్తే పరిస్థితి మరింత దిగజారింది, ఎందుకంటే ఏసీ గదిని చల్లబరుస్తూనే గాలిలోని తేమనూ లాగేస్తుంది. చివరికి హాల్లో కూలర్ గాలి నేరుగా తగలని మూలన పెడితే కుదుటపడింది; గాలికి తడినిచ్చి చల్లబరిచే మన పాత కూలర్ ఈ అడవిమొక్కకు ఏసీ కంటే మంచి చుట్టమని ఎవరూ చెప్పగా వినలేదు. గులాబీ ఈనెల మొక్కను పాత గాజు ఊరగాయ జాడీలో, అడుగున గులకరాళ్లు పోసి పెంచాను. గాజుగోడల మధ్య తేమ నిలవడం వల్ల వేసవి అంతా వారానికి ఒకసారి నీళ్లు సరిపోయాయి. అంటే ఆ అబ్బాయి మాట సీసాలో నిజమైందన్నమాట! విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాలలో ఉండేవారికి ఇంత అవస్థ ఉండకపోవచ్చు.

వెలుతురు చాలకపోతే ఈనెల రంగు వెలిసి, కాడలు సాగి కణుపుల మధ్య దూరం పెరుగుతుంది. మా బోరు నీళ్లకు కుండీ అంచున తెల్లని ఉప్పుపూత కట్టింది, వాననీటికి మారాక ఆ బెడద తగ్గింది. వానాకాలంలో కోకోపీట్ మీద ముసిరిన చిన్న నల్ల ఈగలను పసుపు జిగురు అట్టలు చాలావరకు పట్టాయి. డిసెంబరు రాత్రులలో కిటికీ మూసి, నీళ్లు తగ్గించడం తప్ప వేరే జాగ్రత్త తీసుకోలేదు. అప్పుడప్పుడు వచ్చే పూలకంకులు చూడదగ్గవి కావు. వాటిని తుంచేస్తేనే ఆకులకు బలం.

ఈ మొక్క ఉదారంగా ఇచ్చేది కొత్త మొక్కలనే. రెండు మూడు కణుపులున్న కొమ్మ కత్తిరించి, కింది ఆకులు తీసేసి నీళ్లలో ఉంచితే రెండు మూడు వారాలలో వేళ్లు దిగుతాయి. చివర్లు ఇలా గిల్లడం వల్ల తల్లిమొక్క కూడా గుబురవుతుంది. పిల్లులకూ కుక్కలకూ ఇది విషం కాకపోవడం మా ఇంట్లో పెద్ద ఊరట, ఎందుకంటే మా పిల్లి ఇప్పటికే నాలుగు ఆకులు రుచి చూసింది.

కాబట్టి తరచూ ఊళ్లు తిరిగేవారికి ఈ మొక్కను నేను సిఫారసు చేయను. వారికి స్నేక్ ప్లాంటు మేలు. రోజూ ఒకసారి కిటికీ దగ్గరికి వెళ్లి చూసే అలవాటున్నవారు మాత్రం తెల్ల ఈనెల రకంతో మొదలుపెట్టవచ్చు, నా దగ్గర ఎక్కువ ఓర్పు చూపినది అదే. ఆ నర్సరీకి మళ్లీ తప్పకుండా వెళతాను. ఈసారి డబ్బులిచ్చే ముందు కుండీని తలకిందులు చేసి, బంకమన్నులో ఉన్న మొక్కను అక్కడే వదిలేస్తాను.