బార్లల్ల పాడేటోని చేతిల ఏడేండ్ల ఎస్‌ఎం58

2018ల కొన్న. అప్పటి సంది శని, ఆదివారాలు హనుమకొండ, కాజీపేట బార్లల్ల, సీజన్ల పెండ్లిళ్ల కాడ, వినాయకుని మండపాల కాడ ఇదే మైకు. షూర్ ఎస్‌ఎం58 మోడల్ 1966ల వచ్చింది. నేను పాడే పాటలల్ల చానా వరకు దీనికంటే చిన్నయి.

దీనికి ముందు ఇదే పేరున్న డూప్లికేటు 1,500కు కొని మోసపోయిన. అనుమానమొచ్చి ఇంటి పక్క కిరాణంల కాంటా మీద పెడితే 240 గ్రాములు. అసలు దానికి 298 ఉండాలె. రెండోసారి బిల్లు కంటే ముందు తూకమే అడిగిన. షాపాయన వంకాయలు కొంటున్నవా అని నవ్విండు.

బార్ల స్టేజీ అంటే ఓ మూల. నెత్తి మీదనే కప్పు, చెవి పక్కనే స్పీకరు, వెనక టీవీల ఐపీఎల్. ఈ మైకు ఎదురుంగ వచ్చే గొంతునే పట్టుకుంటది, వెనక నుంచి వచ్చేది చానా వరకు వదిలేస్తది. అందుకే మానిటర్‌ను, అంటే నా గొంతు నాకు ఇనవడేటందుకు పెట్టే స్పీకరును, మైకు తోక దిక్కు పెట్టిపిస్త. ఇది తెల్వక మొదటి ఏడాదంత సౌండ్ అన్నతోని లొల్లే. ఇంకో తప్పు పూర్తిగ నాదే. స్టైల్ కోసం జాలీ గుండును పిడికిట్ల పట్టేటోన్ని. లోపల గొంతును పట్టుకునే క్యాప్సూల్ వెనక సందులకు గాలి ఆడకుంటే మైకు అన్ని దిక్కులు వింటది, ఇగ కుయ్యిమని కూత.

పెదవులకు ఆనిచ్చి పాడితే కింది స్వరం నిండుగ వస్తది. పాత మెలొడీలకు అది బంగారం. పదిన్నర దాటినంక టిష్యూ పేపర్ల మీద చిట్టీలు మొదలైతయి, "అన్నా, ఒక్క ఫోక్ కొట్టన్నా!" అని. అప్పుడు నాలుగు వేళ్ల దూరం జరగాలె, లేకుంటే మాటలన్ని ముద్దయితయి.

రెండుసార్లు కింద పడ్డది. ఒకసారైతే తాగినాయన ప్రేమతోని కావలిచ్చుకునేసరికి. జాలీ సొట్టపడ్డది, లోపల ఏం కాలే. నెలకోసారి జాలీ విప్పి, స్పాంజితో సహా సబ్బునీళ్లల్ల కడిగి రాత్రంత ఆరబెడ్త. కడగని నెల వాసన గురించి చెప్పకుంటనే మంచిది. మిక్సర్ల గెయిన్, అంటే మైకు నుంచి వచ్చే సౌండును పెంచేది, మాత్రం జర ఎక్కువ పెట్టాలె.

మామూలు మోడల్‌కు ఆన్-ఆఫ్ స్విచ్ ఉండదు. స్విచ్ ఉన్నది వేరే దొరుకుతది, నేను తీసుకోలే. పోయినేడు ఓ బార్ల బ్రేక్ టైముల మైకు స్టాండుకే ఉంది. పక్కనే నిలబడి కీబోర్డు తమ్మునితోని "మూడు వారాల పైసలు ఇంక ఇయ్యలేదురా" అన్న. హాలంత ఇన్నది. ఓ టేబులోల్లు చప్పట్లు గూడ కొట్టిన్రు. ఆ రాత్రి గిటార్ కవర్ జిప్పు పెట్టకముందే ఓనర్ లెక్క తెచ్చి చేతిల పెట్టిండు.