గవర్నరుపేటలో సముద్రం బొమ్మల కాన్వాసు ప్రింట్లు: పని బాగుంది, కత్తెరే ఎక్కువ

విజయవాడ గవర్నరుపేటలోని ఈ ఫ్రేముల షాపు ప్రింటుకు వంక పెట్టలేం. కాన్వాసు నేత దగ్గరగా ఉంది, గోటితో గీరినా ఇంకు రాలదు, మూలల మడతలు ఉబ్బకుండా చదునుగా కూర్చున్నాయి. పేచీ అంతా సైజు దగ్గరే. హాల్లోకి సముద్రం బొమ్మ అనగానే 24×36 అంగుళాలకు వేసేస్తారు. బొమ్మ ఆ కొలతకు ఇమడకపోతే అంచులు తెగుతాయి. మామూలు సీనరీకి పోయేదేం లేదు. గొప్ప చిత్రకారుల సముద్రాల్లో మాత్రం తప్పెవరిదో చెప్పే సాక్ష్యం చాలాసార్లు అంచుల్లోనే ఉంటుంది.

ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ 1840లో ప్రదర్శించిన బానిస ఓడ బొమ్మే చూడండి. 1781లో జాంగ్ అనే ఓడ మీంచి 130 మందికి పైగా ఆఫ్రికన్ బానిసలను సముద్రంలోకి తోసేసి, సరుకు నష్టమని బీమా సొమ్ము అడిగారు. ఈ బొమ్మ గురించి మాట్లాడేటప్పుడు ఆ ఘోరం ప్రస్తావన రాక తప్పదు. దూరం నుంచి చూస్తే నిప్పులు చెరిగే సూర్యాస్తమయం. కింద కుడిమూలకు వస్తే నీళ్లలోంచి పైకి లేచిన కాలు, దానికి సంకెల, చుట్టూ మూగిన చేపలు. అసలు బొమ్మ 90.8×122.6 సెంటీమీటర్లు, అంటే దాదాపు 3:4. వెడల్పు 36కు పెంచితే ఎత్తు 26.7 అంగుళాలవుతుంది. ఆకాశం మొత్తం ఉండాలని ఆ ఎక్కువంతా కిందే కోసి, మరో అంగుళంన్నర చట్రం పక్కకు మడిచారంటే కింద నాలుగంగుళాల పైచిలుకు గల్లంతు. దెబ్బ పడేది ఆ మూలకే. మిగిలేది సోఫాకు మ్యాచింగయ్యే సాయంత్రం!

అందుకే దీన్ని 24×32కే అడగాలి. పక్కలకు బొమ్మను మడవొద్దని, ముదురు రంగు అంచు ఇమ్మని ముందే చెప్పాలి. మడతకూ పిన్నులకూ కలిపి నాలుగు వైపులా రెండేసి అంగుళాలు పోతాయి కాబట్టి బిల్లు 28×36కు, అంటే 7 చదరపు అడుగులకు పడుతుంది. ఈ లెక్క షాపువాళ్లు తమంతట తాము చెప్పరు.

ఫ్రెంచి చిత్రకారుడు జెరికో గీసిన మెడూసా తెప్ప బొమ్మ 24×36లో దాదాపుగా ఇముడుతుంది. అక్కడ చిక్కు వేరు. 1816లో మెడూసా అనే ఓడ ఇసుక తిన్నె మీద చిక్కుకుంటే, తెప్పను లాగాల్సిన పడవలవాళ్లు తాడు వదిలేసి తమ దారి తాము చూసుకున్నారు. తెప్ప మీదున్న సుమారు 147 మందిలో 13 రోజుల తర్వాత దొరికినవాళ్లు 15 మందే. బొమ్మలో వాళ్లు గుడ్డలూపుతున్నది దిగంతంలో ఆవగింజంత కనిపించే, వాళ్లను కాపాడిన ఆర్గస్ ఓడకు. ఏడు మీటర్లకు పైగా వెడల్పున్న బొమ్మ మూడడుగులకు కుదిస్తే, ఫైలు నాసిరకమైతే ఆ ఓడ మాయం. అప్పుడు జనం ఎవరికి చేతులూపుతున్నారో అర్థం కాదు. 150 డీపీఐకి, అంటే అంగుళానికి 150 చుక్కల లెక్కన, 3600×5400 పిక్సెళ్లన్నా ఉండాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపకండి, డాక్యుమెంటుగానో పెన్‌డ్రైవ్‌లోనో ఇవ్వండి.

జపాన్ చిత్రకారుడు హోకుసాయ్ పెద్ద అల బొమ్మకు న్యూయార్క్ మెట్ మ్యూజియం మంచి ఫైలు ఉచితంగానే ఇస్తోంది. కంప్యూటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు రంగుల్ని దానంతటదే మార్చేసే ఆటో కలర్ నొక్కకుండా చూసుకోవాలి. నొక్కితే మసక ఆకాశం తెల్లబడి, అల నురుగు అందులో కలిసిపోతుంది. పడవల్లో తలలొంచిన తెడ్డువాళ్లు కింది భాగంలో ఉంటారు. వాళ్లను కోస్తే అలకు ఎదురే ఉండదు.

రవివర్మ గీసిన, రాముడు సముద్రుణ్ణి అణచే బొమ్మనైతే దేవుడి గదికని రాముడొక్కడే ఉండేట్టు కోసిస్తామంటారు. వద్దనండి. మూడు రాత్రులు దర్భల మీద పడుకుని ప్రార్థించినా పలకని సముద్రుడు విల్లెక్కుపెట్టాకే వస్తాడు. వచ్చి, లోతుగా దాటరానిదిగా ఉండటం తన స్వభావమని వాదిస్తాడు. చెలియలికట్ట దాటనివాడి మాటకూ రాముడి కోపానికీ మధ్య తగవది. ఒక పక్షాన్ని కత్తిరిస్తే తగవే లేదు.

చట్రానికి ఎండిన చెక్కే అడగండి. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ వానాకాలపు చెమ్మకు ఉబ్బుతుంది. కాన్వాసు వదులైతే బిగించుకోడానికి మూలల్లో దిగ్గొట్టే చిన్న చెక్క ముక్కలు ఎనిమిది ఇస్తారు, మరిచిపోకుండా తీసుకోండి. ఇక మునిగే ఓడ ఇంట్లో ఉండకూడదని కౌంటర్ దగ్గర ఇచ్చే ఉచిత సలహాకు బిల్లు లేదు. ఏడు గుర్రాల బొమ్మ అంటగట్టడానికది.