కుక్కపిల్లకు డబ్బు చెల్లించే ముందు దాని గుండెను మీ డాక్టరు గారి చేత పరీక్ష చేయించండి

హైదరాబాదు పరిసరాల్లో కుక్కపిల్లను కొనాలని చూస్తున్నవారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. రెండు నెలల క్రితం నగర శివారులోని ఒక బ్రీడరు వద్ద 22,000 రూపాయలకు జర్మన్ షెపర్డ్ కుక్కపిల్లను కొన్నాము. వయసు 60 రోజులని చెప్పి, టీకాల పుస్తకంతో పాటు "గుండె, ఊపిరితిత్తులు సాధారణం" అని రాసి ముద్ర వేసిన ఒక కాగితం కూడా ఇచ్చారు. కెన్నెల్ క్లబ్ పత్రాలు తరువాత పంపుతామన్నారు. అవి వంశానికి సాక్ష్యమే తప్ప ఆరోగ్యానికి కావన్న సంగతి మాకు అప్పుడు తట్టలేదు.

మూడవ రోజున టీకా కోసం మా పశువైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళాము. ఆయన ముందుగా నోరు తెరిచి చూసి, పాలపళ్ళు ఇంకా పూర్తిగా రాలేదు కనుక దీనికి ఆరు వారాలకు మించి ఉండవన్నారు. ఆ తరువాత స్టెతస్కోపును ఎడమ చంకలో పైభాగాన ఆనించి చాలాసేపు విని, ఏమీ అనకుండా నా వేళ్ళను అక్కడే పెట్టించారు. ఒళ్ళో పడుకున్న పిల్లి గుర్రుగుర్రుమన్నట్లు ఒక సన్నని అదురు ఆగకుండా వేళ్ళకు తగిలింది. అప్పటివరకు ఇల్లంతా పరుగులు పెట్టి ఆడుకుంటున్న పిల్ల అది. దగ్గు గానీ ఆయాసం గానీ లేవు.

గుండె దగ్గర వినిపించే ఇలాంటి చప్పుడును మర్మర్ అంటారు. అది ఒక రోగం పేరు కాదు. గుండెలో గానీ దాని పక్కనున్న పెద్ద నాళాల్లో గానీ రక్తం సాఫీగా సాగక సుడులు తిరిగినప్పుడు వినిపించే అదనపు చప్పుడు అది. ఎంత గట్టిగా వినబడుతున్నదో 1 నుంచి 6 వరకు గ్రేడులుగా చెబుతారు. 5, 6 గ్రేడుల్లో అదురు చేతికి కూడా తెలుస్తుంది. ఎదిగే పిల్లల్లో 1, 2 గ్రేడుల మెత్తని చప్పుడు ఏ లోపమూ లేకుండానే వినబడి, నాలుగైదు నెలల వయసుకల్లా దానంతటదే పోవచ్చు. పిడుదుల వల్లనో, కడుపులోని పురుగుల వల్లనో రక్తం తగ్గిన పిల్లల్లో కూడా అది వినిపించి, రక్తం పట్టాక మాయమవుతుంది. అమ్మేవారు అడ్డం పెట్టుకునేది ఈ నిజాన్నే.

మా పిల్లకున్నది పీడీఏ (పేటెంట్ డక్టస్ ఆర్టీరియోసస్), అంటే పుట్టాక మూసుకోవలసిన ఒక నాళం తెరుచుకునే ఉండే లోపమని, గుండెను స్కాన్ చేసి చూసే ఎకో పరీక్షలో తేలింది. తల్లి కడుపులో ఉన్నంతకాలం ఊపిరితిత్తులకు పని ఉండదు కనుక, వాటికి వెళ్ళవలసిన రక్తంలో ఎక్కువ భాగం ఆ చిన్న నాళం గుండా నేరుగా బృహద్ధమనిలోకి, అంటే గుండె నుంచి ఒంటికి రక్తాన్ని తీసుకుపోయే పెద్ద నాళంలోకి మళ్ళుతుంది. పుట్టిన కొద్ది రోజుల్లో ఆ నాళం మూసుకుపోవాలి. మూసుకోకపోతే పారుదల తిరగబడి, బృహద్ధమనిలోని రక్తం ఊపిరితిత్తుల్లోకి చేరుతూ గుండె ఎడమ భాగంపై భారం పెంచుతుంది. గుండె కొట్టుకున్నా, సడలినా ఈ పారుదల ఆగదు కాబట్టే ఆ చప్పుడు పిండిమర శబ్దంలా ఎడతెగక వినబడుతుంది. చికిత్స లేకుండా వదిలేస్తే చాలా పిల్లలు ఏడాది తిరగకముందే చనిపోతాయి. సకాలంలో ఆపరేషన్ చేసి నాళాన్ని కట్టివేసినా, తొడలోని రక్తనాళం గుండా చిన్న పరికరాన్ని పంపి మూసివేసినా మామూలుగా బతకగలవు. ఆ మాటకొస్తే ఇది మా అదృష్టమే. గోల్డెన్ రిట్రీవర్, రాట్‌వీలర్ జాతుల్లో ఎక్కువగా కనిపించే, బృహద్ధమని కవాటం కింద దారి సన్నబడే లోపానికి ఇంత మంచి పరిష్కారం లేదు.

ఫోన్ చేస్తే అమ్మినవారు మొదట "చిన్నపిల్లలకు అలాగే ఉంటుంది, పెద్దయితే పోతుంది" అన్నారు. ఎకో నివేదిక పంపాక, తెచ్చి ఇచ్చేస్తే మరో పిల్లను ఇస్తామన్నారు. తిరిగి వెళ్ళిన పిల్ల ఏమవుతుందని అడిగితే జవాబు రాలేదు. అదే ముద్ర కాగితంతో ఇంకొకరి ఇంటికి చేరుతుందని మాకు అనిపించి, ఇవ్వలేదు.

కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడరుకు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదు. నమోదు పత్రం చూపమని మేము అడగనే లేదు, మీరు అడగండి. బయానా మాత్రమే ఇచ్చి, మిగతా సొమ్ము మీరు ఎంచుకున్న డాక్టరు గారు చూశాకే ఇస్తామని, పుట్టుకతో వచ్చిన లోపం బయటపడితే డబ్బు వాపసు ఇవ్వాలని రసీదు మీదే రాయించుకోండి. పిల్ల వగరుస్తున్నప్పుడు మెత్తని మర్మర్ వినబడకపోవచ్చు కనుక, అది నిదానించాకే వినమనండి. మర్మర్ ఉందనగానే ఏ పిల్లనూ వదులుకోనక్కరలేదు గానీ, ఎకో చేయించే వరకు బేరం ముగించకండి.

పీడీఏ వంశపారంపర్యంగా రాగలదు కనుక ఆ తల్లిని మళ్ళీ జత కట్టించవద్దని మా డాక్టరు గారు స్వయంగా ఫోన్‌లో వారికి చెప్పారు. గత వారం అదే తల్లి ఫొటోతో, వచ్చే నెల పుట్టబోయే పిల్లలకు బుకింగులు తీసుకుంటున్నట్లు వారి ప్రకటన చూశాను.