చిత్రసంతెలో ఒక ఆదివారం

హిందూపురం నుంచి బెంగళూరుకి రైల్లో రెండు గంటలపైన పడుతుంది. పొద్దున్నే బయల్దేరినా సరిపోయేది. అత్తమ్మ మోకాళ్ళు, పిల్లల నిద్ర లెక్కేసుకుని ముందు రోజు రాత్రే మెజెస్టిక్‌లో ఒక లాడ్జిలో దిగాం. దిగకుండా ఉండాల్సింది. రాత్రంతా కిటికీ కింద బస్సుల హారన్లు. ఆరింటికి వస్తాయన్న వేడినీళ్ళు ఏడున్నరకు గానీ రాలేదు. ఆ డబ్బుకు ఇంకో బొమ్మ వచ్చేది.

చిత్రసంతె ఏటా జనవరిలో ఒక్క ఆదివారమే. కన్నడంలో సంతె అంటే మన సంతే. కర్ణాటక చిత్రకళా పరిషత్ ముందున్న కుమారకృప రోడ్డులో బండ్లు ఆపేస్తారు. రోడ్డుకి రెండు వైపులా, పరిషత్ ఆవరణలోనూ వెయ్యిమందికి పైగా చిత్రకారులు బొమ్మలు పెట్టుకుని కూర్చుంటారు. టికెట్ లేదు. వందల్లో దొరికేదీ లక్షల్లో పలికేదీ పక్కపక్కనే ఉంటాయి.

మెజెస్టిక్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్, మంత్రి స్క్వేర్ సంపిగె రోడ్. అక్కణ్ణుంచి ఆటో ఎక్కాం. అది శివానంద సర్కిల్ దగ్గరే దింపేసింది, మిగతాదంతా నడకే. సొంత కారు ఆలోచనే వద్దు. పిల్లలుంటే బాత్రూం పని మెట్రో స్టేషన్‌లోనే కానిచ్చుకోండి. ఆ జనంలో మావాడు "అమ్మా, అర్జెంట్" అన్నాక ఎంత టెన్షనో నాకు తెలుసు. తొమ్మిదింటికి తీరిగ్గా చూశాం. పదకొండు దాటాక మనం నడిచేదేమీ లేదు, జనమే నడిపిస్తారు.

మైసూరు బొమ్మలూ తంజావూరు బొమ్మలూ ఒకే చోట కనిపిస్తే తేడా బాగా తెలుస్తుంది. రెండింటిలోనూ బంగారు రేకే. తంజావూరు బొమ్మలో నగలు ఉబ్బెత్తుగా లేచి, రాళ్ళు పొదిగి ఉంటాయి. మైసూరు పనిలో ఆ ఎత్తు చాలా పల్చన, పక్కనుంచి వెలుతురు పడితే గానీ కనిపించదు. మా ఆయనకి తంజావూరుది నచ్చింది, నాకు మైసూరుది. ధరలు విన్నాక ఇద్దరం ఒక్కటయ్యాం.

అత్తమ్మ పొద్దుటి నుంచీ దేని ముందూ ఆగలేదు. ఒక చోట తెలుగు వినబడేసరికి ఆగింది. శ్రీకాళహస్తి కలంకారీ ఆయన. స్టూలు లాక్కుని కూర్చుని అన్నీ అడిగింది. బట్టను కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఆరబెడతారట, రంగు పాకకుండా. కలం అంటే వెదురు పుల్లే. దానికి గుడ్డ చుట్టి ఉంటుంది, నొక్కే కొద్దీ రంగు దిగుతుంది. నల్ల రంగుని కసిమి అంటారు. తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి చేస్తారు. గిన్నెలో అది నల్లగా లేదు, కషాయంలా ఉంది. బట్ట మీద పడి కరక్కాయ తగిలాక మా కళ్ళముందే నలుపెక్కింది.

"ఊరగాయ మాదిరే కదప్పా" అంది అత్తమ్మ.

"అంతే పెద్దమ్మా, కుదరకపోతే పారబోసేదే."

చిన్నదాని చేతికి కలమిచ్చి ఒక పీలిక మీద గీయమన్నాడు. గీత వంకర పోయింది, చివర్న పెద్ద చుక్క పడింది. అది వేలితో తుడవబోతే "పోదు పాపా, అదే దాని గొప్ప" అని నవ్వి, పీలిక దానికే ఇచ్చేశాడు. మేము ఆయన దగ్గర ఒక చిన్న చెట్టు బొమ్మ కొన్నాం. ఫోన్లో డబ్బు కట్టడానికి నెట్‌వర్క్ దొరక్క పావుగంట నిలబడ్డాం. నోట్లు తీసుకెళ్ళండి.

పోర్ట్రెయిట్లు పది నిమిషాల్లో గీసేస్తారు. మావాడి బొమ్మలో వాడి కంటే వాళ్ళ మేనమామే ఎక్కువ కనిపిస్తున్నాడు. అయినా గోడకెక్కింది. తిండి గురించి చెప్పడానికేమీ లేదు, కడుపు నిండింది. పరిషత్ ఆవరణలోనే రష్యన్ చిత్రకారుడు స్వెతోస్లావ్ రోరిక్ చిత్రాల గ్యాలరీ ఉంది. ఆయన భార్య, నటి దేవికారాణి, పుట్టింది మన వాల్తేరులోనే. దాన్ని సంతె రోజున ఇరికించకండి, ఇంకో రోజు విడిగా పెట్టుకోండి.

కాన్వాస్ అయితే చుట్టి ట్యూబులో పెట్టుకోవచ్చు. మేం తెలివిగా అద్దం ఫ్రేముది కొన్నాం. సాయంత్రం రైల్లో సీటు లేదు. హిందూపురం దాకా మా ఆయన దాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని నిలబడ్డాడు. అత్తమ్మకి ఎవరో చోటిచ్చారు. దిగే ముందు చూస్తే, చిన్నదాని వంకర గీత పీలిక ఆవిడ వక్కాకు సంచిలో మడిచి ఉంది.