ఏడేళ్లుగా నా దగ్గరున్న ఇన్‌ఫ్రా ఈటీఎఫ్

చెన్నై అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీలో కొనుగోళ్లు చూస్తాను. స్టీలు, మోటార్లు, కేబుళ్ల ఇండెంట్లు రోజూ నా బల్ల మీదుగానే పోతాయి. దేశంలో కట్టడాల పని ఇప్పట్లో ఆగదని నమ్మకం కుదిరి, 2018లో నిఫ్టీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ సూచీని అనుసరించే ఈటీఎఫ్, అంటే షేర్లలాగే మార్కెట్లో కొని అమ్ముకునే ఫండ్, కొనడం మొదలుపెట్టాను. జీతం పడిన వారంలో వీలైనన్ని యూనిట్లు. సగం యూనిట్, పావు యూనిట్ దొరకవు కాబట్టి చిల్లర మిగిలిపోతూ ఉండేది.

పేరు చూసి లోపల అన్నీ రోడ్లు, వంతెనలు కట్టే కంపెనీలే అనుకోకండి. నేనూ అలాగే అనుకున్నాను. తీరా ఫండ్ తన దగ్గరున్న షేర్ల గురించి ఇచ్చే నెలవారీ జాబితా తెరిస్తే ఎల్ అండ్ టీ పక్కనే రిలయన్స్, భారతీ ఎయిర్‌టెల్ ఉన్నాయి. పెద్ద వాటా ఆ మూడింటిదే. ఎన్‌టీపీసీ, పవర్ గ్రిడ్, అల్ట్రాటెక్ ఆ తర్వాత. ఈ సూచీ లెక్కలో టెలికాం, చమురు, కరెంటు కూడా మౌలిక వసతులే. మీకు ఇప్పటికే యాభై పెద్ద కంపెనీల నిఫ్టీ 50 ఫండ్ ఉంటే వీటిని రెండోసారి కొంటున్నట్టే. అందుకే మొత్తం పెట్టుబడిలో పదో వంతు దాటనివ్వను.

ఎక్కువ జాగ్రత్త పడాల్సింది మాత్రం ఆర్డర్ పెట్టేటప్పుడు. 2019లో బోనస్ వచ్చిన మర్నాడు, బస్సులో కూర్చుని 9.16కి మార్కెట్ ఆర్డర్, అంటే ఎంత ధరకు దొరికితే అంతకు కొనేసే ఆర్డర్, కొట్టేశాను. అమ్మేవాళ్ల వైపు మొదటి ధరకు 12 యూనిట్లే ఉన్నాయి, రెండో ధరకు 8, ఆ తర్వాత ధర ఒక్కసారిగా పైకి. నా ఆర్డర్ ఆ మెట్లన్నీ ఎక్కేసింది. ఐఎన్‌ఏవీ, అంటే ఆ క్షణానికి లోపలి షేర్ల విలువ, చూసుకుంటే దాదాపు రెండు శాతం ఎక్కువ ఇచ్చేశాను. ఫండ్ ఏడాది పొడుగునా తీసుకునే ఖర్చు కంటే అది ఎక్కువ! తప్పు నాదే. అప్పట్నుంచి పదిన్నర దాటాకే, ఐఎన్‌ఏవీకి దగ్గరగా లిమిట్ ఆర్డర్, అంటే ఇంతకు మించి ఇవ్వనని ధర చెప్పే ఆర్డర్, పెడతాను. దొరక్కపోతే ఆ రోజుకి వదిలేస్తాను.

2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజే 13 శాతం పడింది. మధ్యలో ట్రేడింగ్ కూడా ఆపేశారు. నన్ను చూసి కొన్న మా బామ్మర్ది నెల్లూరు నుంచి ఫోన్ చేశాడు. "బావా, ఉన్నకాడికి అమ్మేద్దామా?" గొంతు వణుకుతోంది. "ఆ డబ్బుతో ఇప్పుడేమన్నా పనుందా అబ్బయా?" అన్నాను. లేదన్నాడు. "అయితే కదిలించమాక" అని చెప్పాను గానీ, ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. ఇద్దరం అమ్మలేదు. 2024 జూన్ 4న, ఓట్ల లెక్కింపు రోజు, మళ్లీ దాదాపు ఆరు శాతం పడినప్పుడు వాడు ఫోనే చెయ్యలేదు.

ఆ ఆగస్టులో పాప కాలేజీ ఫీజుకి కొన్ని అమ్మాను. ఏడాది దాటిన యూనిట్ల లాభం మీద పన్ను అప్పటికే 12.5 శాతానికి పెరిగింది. ఏడాదికి 1.25 లక్షల లాభం వరకు పన్ను లేదు, కాకపోతే మన మిగతా షేర్ల లాభం కూడా అందులోనే కలుస్తుంది. అమ్మిన ప్రతి రోజుకీ డీపీ ఛార్జీ, అంటే డీమ్యాట్ ఖాతా నుంచి యూనిట్లు బయటికి పోయినందుకు తీసుకునే రుసుము, పడుతుంది, ఒక్క యూనిట్ అమ్మినా అంతే. అందుకే విడతలుగా కాకుండా ఒకేసారి అమ్మేశాను.

డబ్బు మర్నాడే ఖాతాలోకి వచ్చింది, ఫీజు గడువులోపే కట్టాను. మిగతావి అలాగే ఉన్నాయి, ఈ నెల ఇంకో మూడు కొన్నాను.