వియన్నాలో 8 యూరోల టికెట్, ఒక్కదాన్నే తిరిగిన మొదటి రోజు

వియన్నాలో మెట్రో, ట్రామ్, సిటీ బస్సు మూడింటికీ చెల్లే 24 గంటల టికెట్‌ను నేను 2025 సెప్టెంబర్‌లో 8 యూరోలు పెట్టి కొన్నాను. మన డబ్బుల్లో సుమారు 820 రూపాయలు. మా విజయవాడ సిటీ బస్సు టికెట్‌తో పోలిస్తే గుండె గుభేలుమంటుంది. అయినా ఆ ప్రయాణంలో నేను పెట్టిన ఖర్చులన్నిటిలో ఇంత తృప్తినిచ్చింది ఇంకోటి లేదు.

నేను సింగ్ నగర్‌లో ఉంటాను, ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇరవై ఏళ్ళ పైనుంచి పిల్లల చేత యూరప్ మ్యాప్‌లో డాన్యూబ్ నదిని గుర్తు పెట్టిస్తున్నాను. ఆ నదిని కళ్ళారా చూడాలని చీటీ పాడిన డబ్బులతో బయల్దేరాను. విదేశం వెళ్ళడం అదే మొదటిసారి, తోడు ఎవరూ లేరు. గన్నవరం బయల్దేరేటప్పుడు మా అక్క అడిగిన మాట ఒక్కటే: "దారి తప్పితే ఎవర్ని అడుగుతావే?" ఆ మాటే విమానంలో రాత్రంతా నా బుర్రలో తిరిగింది.

ముందు ఒక జాగ్రత్త. ఈ టికెట్ వియన్నా నగర హద్దు లోపలే చెల్లుతుంది. విమానాశ్రయం ఆ హద్దుకు బయట ఉంది. కాబట్టి అక్కడి నుంచి ఊళ్ళోకి ఎస్7 అనే లోకల్ రైలుకు విడిగా మామూలు టికెట్ తీసుకున్నాను. అదే టికెట్ మీద రైలు దిగి మెట్రో మారి బస దాకా వెళ్ళొచ్చు. నేను నెస్ట్రాయ్‌ప్లాట్స్ స్టేషన్ దగ్గర దిగాను. స్నానం చేసి, తెచ్చుకున్న పులిహోర తిని, అప్పుడు కొన్నాను 24 గంటల టికెట్. ఇలా చేయడమే మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే ఇది తేదీ లెక్కన కాదు, ముద్ర పడిన గంట నుంచి 24 గంటలు. నాకు 11:20కి ముద్ర పడింది, మర్నాడు 11:20 దాకా నాదే. ఒక టికెట్‌కి రెండు పొద్దుళ్ళు కలిసొచ్చాయి.

ఆ ముద్ర సంగతి తప్పకుండా గుర్తుంచుకోండి. అక్కడి మెట్రో స్టేషన్లలో మన హైదరాబాద్ మెట్రోలో ఉన్నట్టు గేట్లు ఉండవు. మెట్ల దగ్గర నీలం డబ్బా ఒకటి ఉంటుంది. ముద్ర లేని టికెట్ చేతిలో ఉంటే అందులో ఒక్కసారి దూర్చాలి, తేదీ, టైము పడతాయి. నాకు తెలియక నేరుగా దిగిపోబోయాను. వెనక వస్తున్న ఒక పెద్దావిడ నా చేతిలో టికెట్ చూసి, డబ్బా వైపు వేలు చూపించి, తన టికెట్ తీసి చేసి చూపించింది. మాట ఒక్కటి కూడా అర్థం కాలేదు, విషయం మాత్రం అర్థమైంది. ముద్ర లేకుండా దొరికితే జరిమానా వంద యూరోల పైమాటే. సాయంత్రం మెట్రోలో మామూలు బట్టల్లో ఉన్న తనిఖీవాళ్ళు నిజంగానే వచ్చారు. నా టికెట్ మీద టైము చూసి, తల ఊపి వెళ్ళిపోయారు. ఆ పెద్దావిడకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

మొదట యు1 మెట్రో ఎక్కి రెండో స్టేషన్ స్టెఫాన్స్‌ప్లాట్స్‌లో దిగాను. ఎస్కలేటర్ పైకి తీసుకొచ్చి నేరుగా పెద్ద చర్చి ముందు నిలబెడుతుంది. దక్షిణ గోపురం 136 మీటర్లు. పైకి 343 మెట్లు, నా మోకాళ్ళు వద్దన్నాయి. లోపల ఆదివారం ప్రార్థన జరుగుతుంటే వెనక నిలబడి కాసేపు విన్నాను. బయటికొచ్చి చూస్తే వీధంతా షట్టర్లే. ఆదివారం అక్కడ బట్టల కొట్లు, కిరాణా కొట్లు, సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు. మన బీసెంట్ రోడ్డు ఆదివారం సాయంత్రం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఆ నిశ్శబ్దం వింతగా అనిపిస్తుంది. కూరగాయలకూ తిండికీ పేరున్న నాష్‌మార్క్ట్‌కు కూడా ఆదివారం సెలవే. ఆకలేసి ఒక కాఫీ హౌస్‌లో మెలాంజ్ అనే నురగ కాఫీ, యాపిల్ స్ట్రూడెల్ తీసుకున్నాను. కాఫీతోపాటు గ్లాసు మంచినీళ్ళు అడక్కుండానే ఇచ్చారు. ఆ ఊరి కుళాయి నీళ్ళు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయి, మొదటి పైపులైను 1873 నాటిది. వీధి కుళాయిల దగ్గర సీసా నింపుకుంటూ తిరిగాను, నీళ్ళకు ఒక్క యూరో కూడా ఖర్చు కాలేదు.

ఇక ట్రామ్ దగ్గరే నేను దారి తప్పింది. రింగ్ రోడ్డు చూడాలన్నది నా ప్లాన్. 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ పాత కోట గోడల్ని పడగొట్టమని ఆజ్ఞ ఇస్తే, ఆ జాగాలో 1865లో ఈ రోడ్డు తెరిచారు. ఒపేరా, మ్యూజియాలు, పార్లమెంటు అన్నీ దాని మీదే వరసగా ఉన్నాయి. ఒపేరా దగ్గర 2వ నంబర్ ట్రామ్ ఎక్కాను. రింగ్ అంటే గుండ్రంగా తిరిగి ఎక్కిన చోటికే తెస్తుందనుకున్నాను. పార్లమెంటు దాటగానే అది ఎడమకు తిరిగి ఒక ఇరుకు వీధిలో దూరింది. గుండె ఝల్లుమంది. దిగుదామని లేచి తలుపు దగ్గర నిలబడితే తలుపు తెరుచుకోలేదు, బటన్ నొక్కాలని నాకు తెలియదు. ట్రామ్ కదిలిపోయింది. చేతులకు చెమటలు పట్టాయి.

అప్పుడు చేతిలో టికెట్ చూసుకున్నాను. రేపు పొద్దున దాకా టైముంది. ఎంత దూరం పోయినా మళ్ళీ ఇదే ఎక్కి రావచ్చు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు, ఇంకో పైసా కట్టక్కర్లేదు. ఈ ఆలోచన రాగానే టెన్షన్ దిగిపోయింది. కిటికీ పక్కన కూర్చుని చివరి స్టాపు డోర్న్‌బాఖ్ దాకా వెళ్ళాను. బాల్కనీల్లో ఆరేసిన దుప్పట్లు, కుక్కని తిప్పుతున్న తాతగారు, దూరంగా పచ్చటి కొండలు. ఏ టూరిస్టు పుస్తకమూ నన్ను అక్కడికి పంపేది కాదు. కాసేపు బెంచీ మీద కూర్చుని, మళ్ళీ 2వ నంబరే ఎక్కి పార్లమెంటు దగ్గరికి వచ్చి, అక్కడ 1వ నంబర్ పట్టుకున్నాను. రింగ్‌లో ఇంకొంత భాగం అది చూపించింది.

మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక మా అక్క కూడా ఇలాగే మారింది. ఛార్జీ లెక్క పోయేసరికి మధ్యలో దిగి గుడికి వెళ్ళి మళ్ళీ ఎక్కుతోంది. వియన్నాలో నాకూ సరిగ్గా అదే జరిగింది.

సాయంత్రం ఆరు దాటాక యు1లో డోనావిన్సెల్ స్టేషన్‌కు వెళ్ళాను. అది నది మీద వంతెనలోనే ఉంది, రైలు దిగితే కింద డాన్యూబ్. నేను వెళ్ళిన ఆ ఆదివారానికి దాదాపు ఏడాది ముందు, 2024 సెప్టెంబర్ 1న, బుడమేరు మా సింగ్ నగర్‌లోకి వచ్చింది. మా కింద ఇల్లు మునిగి, పక్కవాళ్ళ డాబా మీద మూడు రోజులున్నాం. అదే నెలలో వియన్నాలోనూ వరదలొచ్చాయి. కింద కనబడే 21 కిలోమీటర్ల దీవి మనుషులు చేసినదే. 1972 నుంచి 1988 దాకా పక్కన ఇంకో పాయ తవ్వి, ఆ మట్టితోనే దీవి కట్టారు. వరదొస్తే గేట్లు తెరిచి నీటిని ఆ పాయలోకి వదులుతారు. రెండు పాయలూ కలిసి సెకనుకు 14,000 ఘనపు మీటర్లు మోస్తాయి, అంటే మన లెక్కలో 4.9 లక్షల క్యూసెక్కులు. ఆ వరదలో మన ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షలు పోయాయి. మన కృష్ణమ్మ ముందు వాళ్ళ లెక్క చిన్నదే. అయినా నీటి దారిని నీటికి వదిలి, మిగతా రోజుల్లో పిల్లలకు ఆటస్థలంగా ఉంచారు. చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాను. ఇంటికెళ్ళాక బోర్డు మీద గీయాలని ఆ రెండు పాయల బొమ్మ డైరీలో వేసుకున్నాను.

లోపాలూ ఉన్నాయి. చర్చి గోపురం, ప్రాటర్ పార్కులో 1897 నాటి పెద్ద జెయింట్ వీల్, ప్యాలెస్, వేటికీ ఈ టికెట్ మీద ప్రవేశం లేదు. చిన్న కాగితం కాబట్టి తడిసినా చిరిగినా ఇబ్బందే, ఫోన్ కవర్‌లో పెట్టుకోండి. ఊరి మధ్యలోనే ఉండి రెండు మూడుసార్లే ఎక్కేవాళ్ళకు దండగ. నేను వెళ్ళినప్పుడు విడి టికెట్ 2.40 యూరోలు, నాలుగో ప్రయాణం నుంచే లాభం మొదలవుతుంది. నాకు ఏడు ప్రయాణాలయ్యాయి. ఏడోది మర్నాడు పొద్దున షోన్‌బ్రున్ ప్యాలెస్‌కు. 2026 జనవరి నుంచి ఛార్జీలు పెంచారు, కొనేముందు కొత్త రేటు చూసుకుని ఈ లెక్క మళ్ళీ వేసుకోండి.

అంబాపురం నుంచి ఆస్ట్రియా దాకా ఎక్కడికైనా సరే, ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. దిగిన రోజు ఏ గైడ్ టూరూ బుక్ చేసుకోకుండా ముందు ఈ రకం టికెట్ కొనుక్కోండి. ఆదివారం దిగితే మాత్రం తిండి వెంట ఉంచుకోండి. నాకు ఆ రాత్రి ప్రాటర్‌స్టెర్న్ స్టేషన్ లోపల తెరిచి ఉన్న సూపర్ మార్కెట్‌లో పెరుగు, బ్రెడ్డు దొరికాయి.