నుమాయిష్‌లో కొన్న మీనా జుంకీలు: ఆరేళ్ల తర్వాత

2019 జనవరిలో, హైదరాబాద్ నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో, జైపూర్ స్టాల్ దగ్గర, అమ్మ వద్దంటున్నా ఈ వెండి జుంకీలు కొన్నాను. పైన దుద్దు మీద తామరపువ్వు, నీలం రేకులు, పచ్చ ఆకులు. ఆ నీలం చూస్తే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

అది పైపైన పూసిన రంగు కాదు. వెండిలో రేకుల్ని పల్లంగా చెక్కి, తడిపిన గాజుపొడి నింపి, 750 డిగ్రీలకు పైనే ఉండే బట్టీలో కరిగిస్తారు. దీన్నే మీనా పని అంటారు. నీలం కోబాల్ట్ వల్ల వస్తుంది. వెలుగు ఆ గాజులోంచి దిగి, అడుగున ఉన్న వెండి గీతల్ని తాకి వెనక్కి వస్తుంది. అందుకే ఎండలో తల తిప్పితే రేకులు కదిలినట్టు కనిపిస్తాయి. వెండి రెండుమూడుసార్లు నల్లబడింది కానీ, నీలం పిసరంత కూడా వెలవలేదు.

మూడేళ్ల క్రితం, చెల్లి పెళ్లికి సరిగ్గా వారం ముందు, ఒక దుద్దు వెనక కాడ ఊడింది. ఇంటి దగ్గర షాపుకి తీసుకెళ్లాను. "మీనా పని, జాగ్రత్తండీ" అని రెండుసార్లు చెప్పాను. "అయిదు నిమిషాల పనమ్మా" అంటూ వెనక మంట పెట్టి టంకం వేశాడు. చిటుక్కుమంది. తిప్పి చూస్తే ఒక రేకు ముక్కలై రాలింది, పక్కదానికి సన్నటి చీలిక. గాజుకి ఒక్కచోటే వేడి తగిలితే మరేమవుతుంది? పైగా "వెండి బాగానే ఉంది కదా" అని నాతోనే వాదన. అక్కడే ఏడుపొచ్చింది. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేను.

పాతబస్తీ పత్తర్‌గట్టీలో ఒక పెద్దాయన చూసి, "మళ్లీ బట్టీలో పెడితే మిగతా రేకులు కూడా పోతాయి బేటీ" అని, ఖాళీలో రంగు రెసిన్, అంటే కాల్చకుండానే గట్టిపడే జిగురు లాంటిది, నింపారు. ఊడిన కాడలు లేజర్‌తో అతికించుకుంటే వేడి ఆ చుక్క దాటదని కూడా చెప్పారు. పెళ్లిలో ఎవరూ కనిపెట్టలేదు. ఏడాది తిరిగేసరికి ఆ ఒక్క రేకు మసకబారింది. వెలవలేదని పైన రాసింది కాల్చిన రేకుల సంగతే.

రోజూ పెట్టుకునేవాళ్లకి ఇవి ఎలా ఉంటాయో నేను చెప్పలేను. స్కూటీ మీద ఆఫీసుకి వెళ్తాను, హెల్మెట్‌లో దుద్దులు ఒత్తుకుంటాయి కాబట్టి పండగలకే పెట్టుకుంటాను. చెల్లి అడుగుతోంది కానీ, దాని చెవులకి ఏం కనిపించినా వాళ్ల పాప లాగేస్తుంది. ఇంకో ఏడాది ఆగమన్నాను.